పరీక్ష పిల్లలది, దడ ఇంటిల్లిపాదిదీ

జనవరి మూడో వారం దాటేసరికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ తొలి విడత మొదలవుతుంది. తర్వాత ప్రాక్టికల్స్, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. ఏప్రిల్లో మెయిన్ రెండో విడత, ఆ హడావిడిలోనే ఇంటర్ ఫలితాలు. మే వచ్చిందంటే వైద్య సీట్లకు నీట్, రాష్ట్రంలోని ఇంజినీరింగ్, వ్యవసాయం, ఫార్మసీ సీట్లకు ఏపీ ఈఏపీసెట్, మెయిన్‌లో అర్హత సాధించిన వాళ్లకు ఐఐటీల కోసం జేఈఈ అడ్వాన్స్‌డ్. అన్నీ అయ్యాక జవాబుల కీలు, ర్యాంకులు, కౌన్సెలింగ్ విడతలు. రెండో సంవత్సరం ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో సంక్రాంతి పిండివంటలు అయిపోయిన నాటి నుంచి శ్రావణమాసం దాకా ఏదో ఒక తేదీ కోసం ఎదురుచూడటమే పని.

పరీక్షల కాలంలో తల్లిదండ్రులకు అందే సలహాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క రోజు గురించే ఉంటాయి. పొద్దున్నే ప్రశాంతంగా ఉండండి, టెన్షన్ పడకండి అంటారు. ఏడెనిమిది నెలలు సాగే ఆందోళనను ఒక ఉదయం ఊపిరి గట్టిగా పీల్చి దాటలేరు. పైగా పడకండి అన్నంత మాత్రాన ఆగిపోయే టెన్షన్ ఎవరికీ ఉండదు. విజయవాడ, గుంటూరుల్లో ఈ భయానికి గట్టి కారణాలే ఉన్నాయి. భయపడటం తప్పు కాదు. అది ఏ దారిలో బయటికి వస్తుందన్నదే అసలు సమస్య. ఇక్కడ చాలా ఇళ్లలో దానికి ఒకే దారి మిగిలింది: పిల్లల్ని మార్కులు అడగడం.

భయం వట్టిది కాదు

దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి బీటెక్ సీట్లు 18 వేల దగ్గర ఉంటాయి. మెయిన్ రాసే లక్షల మందిలోంచి అడ్వాన్స్‌డ్‌కు అర్హత ఇచ్చేది రెండున్నర లక్షల మందికి. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలు దాటారు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం పైన. వాటిలో ప్రభుత్వ కళాశాలల్లో ఉన్నవి సగం చిల్లర. ప్రైవేటులో మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కట్టగల కుటుంబాలు ఎన్నో తల్లిదండ్రులకు తెలుసు, తాము ఆ లెక్కలో లేమనీ తెలుసు. ఈ అంకెలు చూసి గుండె దడ పుట్టడం సహజం.

ఇక డబ్బు. రెండేళ్ల రెసిడెన్షియల్ చదువుకు ఖర్చు లక్షల్లోనే. పల్నాడు రైతు ఆఖరి టర్మ్ ఫీజు కట్టేది మిర్చి గుంటూరు యార్డుకు చేరాకే. ఆసియాలోనే పెద్దదిగా పేరున్న ఆ యార్డులో సరుకు పోటెత్తే నెలలూ, పిల్లల పరీక్షల నెలలూ ఒకటే. ధర పడిపోయిన ఏడాది ఆ తండ్రి ముఖంలో కనిపించే దిగులు దేని గురించో హాస్టల్లో ఉన్న పిల్లకు తెలియదు. తన మార్కుల గురించే అనుకుంటుంది. చిన్న ఉద్యోగుల ఇళ్లలో చీటీ పాటలు, బంగారం తాకట్టు, పీఎఫ్‌లోంచి తీసిన సొమ్ము. ఎంత కట్టారో పిల్లలకు చెప్పాల్సిన పని లేదని పెద్దలు అనుకుంటారు. చెప్పకపోయినా పిల్లలకు తెలుస్తుంది, కాకపోతే వంకరగా తెలుస్తుంది. ఫలానా ఖర్చు పెట్టాం, అది మా నిర్ణయం, ర్యాంకు వచ్చినా రాకపోయినా ఆ అప్పు మేమే తీర్చుకుంటాం అని ఒక్కసారి నేరుగా చెప్పిన ఇళ్లలో ఆ బరువు కొంత దిగుతుంది.

ఈ రెండు ఊళ్లకు చదువు మీద ఉన్న మక్కువ కొత్తది కాదు. గుంటూరు వైద్య కళాశాల 1946లో వచ్చింది. విజయవాడ దగ్గర కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల 1977 నాటిది, సిద్ధార్థ వైద్య కళాశాల 1980 నాటిది. ఇప్పటి ఈఏపీసెట్‌కు ముందున్న ఎంసెట్ 1986లో మొదలైంది. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చిందీ ఆ ఏడాదే, కార్పొరేట్ కళాశాలలు వేళ్లూనుకున్నదీ ఆ రోజుల్లోనే. అంటే ఇవాళ గేటు బయట నిలబడే తల్లిదండ్రుల్లో చాలామంది తొంభైల చివర్లో ఎంసెట్ రాసినవాళ్లు, లేదా రాయలేక పోయినవాళ్లు. తమ ర్యాంకు వాళ్లకు ఇంకా గుర్తుంది. ఐదు మార్కుల్లో సీటు తప్పిన కథ ఇంట్లో పిల్లలు వందసార్లు విని ఉంటారు. ఆ పరీక్ష వేరు, ఈ పరీక్ష వేరు. అప్పుడు అందరికీ ఒకే రోజు, కాగితం మీద. ఇప్పుడు మెయిన్, ఈఏపీసెట్ రోజుల తరబడి, షిఫ్టుల వారీగా, కంప్యూటర్ మీద జరుగుతాయి. నీట్‌లో, మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు నెగెటివ్ మార్కులే లేవు. పాతికేళ్ల కిందటి అనుభవంతో ఇచ్చే సలహా చాలాసార్లు పిల్లల్ని తికమక పెడుతుంది.

ఆదివారం క్యారేజీ

ఇక్కడి ఆందోళనకు ఒక ప్రత్యేకత ఉంది. దాని గురించి చెప్పుకునేది తక్కువ.

విజయవాడ శివార్లలో రెసిడెన్షియల్ కళాశాలలున్న నిడమానూరు, ఎనికేపాడు, పోరంకి, తాడిగడప, గూడవల్లి, గొల్లపూడి వైపు ఆదివారం పూట వెళ్తే కనిపిస్తుంది. ఔటింగ్ రోజు లేదా పేరెంట్స్ విజిట్. ఒంగోలు నుంచి, నరసరావుపేట నుంచి, ఏలూరు నుంచి తెల్లవారుజామునే బయల్దేరి వచ్చిన అమ్మానాన్నలు. క్యారేజీలో పులిహోర, కోడికూర, గోంగూర పచ్చడి. చెట్టు నీడ దొరికితే అక్కడ, లేకపోతే మెట్ల మీద కూర్చుని తినిపిస్తారు. ఉన్న రెండు మూడు గంటల్లో మొదట తిండి, తర్వాత బట్టలు, తర్వాత మార్కులు. సెక్షన్ మార్చారా, వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చినయ్, ఫిజిక్స్ ఎందుకు తగ్గింది, మన ఊరి వాళ్లబ్బాయికి ఎంతొచ్చింది. టైమైపోయిందని వార్డెన్ పిలుస్తాడు. వారం మధ్యలో హాస్టల్ ఫోన్ నుంచి చేసుకునే ఐదు నిమిషాల మాటల్లోనూ ఇదే వరస.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పిల్ల ఏం తింటోందో, ఎవరితో స్నేహంగా ఉంటోందో, రాత్రి ఎందుకు నిద్ర పట్టడం లేదో దూరాన ఉన్న తల్లికి తెలిసే వీల్లేదు. కళాశాల నుంచి ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లో మాత్రం మొత్తం మార్కులు, సబ్జెక్టుల వారీ మార్కులు, క్యాంపస్ ర్యాంకు ఉంటాయి. కంటికి కనపడేది అదొక్కటే కాబట్టి బిడ్డ గురించి తెలుసుకోవాలన్న ఆరాటమంతా దాని మీదికే పోతుంది. రెండేళ్లు ఇలా గడిచాక, మార్కులు కాకుండా ఇంకేం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియని స్థితి వస్తుంది. తల్లి 'ఎన్నొచ్చినయ్ నాన్నా' అంటే ఆమె మనసులో ఉన్నది 'బాగున్నావా' అన్న ప్రశ్నే. కొడుక్కి వినపడేది మార్కుల లెక్కే.

ఇంటర్ పరీక్షలు అయ్యాక, ఎంట్రన్సుల మధ్య కొందరు ఇంటికి వస్తారు. రెండేళ్ల తర్వాత ఒకే కప్పు కింద వారాల తరబడి ఉండటం అదే మొదలు. కొడుకు రాత్రి రెండింటి దాకా చదివి పొద్దున తొమ్మిదింటికి లేస్తే నాన్నకు ఒళ్లు మండుతుంది. ఫోన్ చేతిలో కనపడితే గొడవ. గదిలో తలుపేసుకుంటే అనుమానం. పరీక్షల ముందు ఇంట్లో జరిగే గొడవల్లో చాలా వాటికి పరీక్ష పేరుకే కారణం. ఒకరి అలవాట్లు ఒకరికి తెలియక జరిగే గొడవలు అవి. ఈ వారాలను ప్రిపరేషన్ కింద మాత్రమే చూడటం పెద్ద పొరపాటని గట్టిగా చెప్పాలి. రాత్రి భోజనం కలిసి చేయడం, సాయంత్రం మేడ మీద పావుగంట, మార్కుల ఊసు లేని కబుర్లు: ఇవి చదువును తినేసే సమయం కాదు. పరీక్ష చెడిపోయిన రోజు పిల్లవాడు నోరు విప్పాలంటే అంతకు ముందు నుంచే మాటలు నడుస్తూ ఉండాలి.

భయం ఎలా అంటుతుంది

పరీక్ష భయంలో రెండు పాళ్లు ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960ల నుంచే చెబుతున్నారు. ఒకటి శరీరానిది: చెమటలు, గుండె దడ, కడుపులో దేవినట్టుండటం. రెండోది ఆలోచనలది: 'రాకపోతే ఏంటి, అందరూ ఏమనుకుంటారు, ఇంట్లో ఏం చెప్పాలి'. మార్కుల మీద ఎక్కువ దెబ్బ కొట్టేది రెండోదే. లెక్క చేస్తున్నప్పుడు మనసు తాత్కాలికంగా పట్టి ఉంచుకోగలిగేది కొంచెమే. ఆ కొంచెంలో సగం చోటు 'ఇంట్లో ఏం చెప్పాలి' అన్నది ఆక్రమిస్తే వచ్చిన లెక్కే తప్పుతుంది. చేతులు వణికినా పరవాలేదు, మొదటి పది నిమిషాల్లో సర్దుకుంటాయి. బుర్రలో తిరిగే ఆ వాక్యమే చేటు చేస్తుంది, దాన్ని అక్కడ పెట్టేది చాలాసార్లు ఇంట్లో వాళ్లే.

2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద వెలువడిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకూ భయం పెరిగింది. అంతే భయం ఉన్నా హోంవర్కులో పెద్దగా కల్పించుకోని వాళ్ల పిల్లల్లో ఆ తేడా కనపడలేదు. చిన్నపిల్లల సంగతిని పదిహేడేళ్ల వాళ్లకు ఉన్నదున్నట్టు అన్వయించలేం. ఒక విషయం మాత్రం పట్టుకోవచ్చు: పెద్దల్లో భయం ఉండటం వల్ల కాదు, ఆ భయంతో పిల్లల చదువులో వేలు పెట్టడం వల్ల నష్టం జరిగింది. పరీక్షకు వారం ముందు 'ఆర్గానిక్ అయిందా, రివిజన్ ఎక్కడిదాకా వచ్చింది' అని పూటకోసారి అడిగే నాన్న చేస్తున్నదీ దాదాపు ఇదే. ఆయనకు ఆ జవాబుతో చేయగలిగింది ఏమీ లేదు. అడిగినందుకు ఆయనకు ఒక క్షణం ఊరట, పిల్లకు గంట చికాకు.

భయాన్ని పిల్లల దగ్గర కాకుండా ఇంకోచోట దించుకోవాలి. భార్యాభర్తలు ఒకరితో ఒకరు చెప్పుకోవచ్చు. చాలా ఇళ్లలో ఇదే జరగదు: ఆయన కోపంగా తిరుగుతాడు, ఆమె వంటింట్లో కళ్లు తుడుచుకుంటుంది, ఇద్దరిదీ ఒకే భయమని ఇద్దరికీ తెలియదు. ఇంద్రకీలాద్రి మెట్లెక్కి అమ్మవారికి మొక్కుకోవడం, గుణదల మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించడం, దర్గాలో చదివింపులు: వీటిని తేలిగ్గా తీసేయకూడదు. ఇవి తరతరాలుగా ఈ ఊళ్ల వాళ్లు ఆందోళనను దించుకునే తావులు. మొక్కు మొక్కినవాళ్ల దగ్గరే ఉంటే మంచిది. 'నీ కోసం ఇన్ని మెట్లెక్కాను, ఇక నీ చేతిలోనే ఉంది' అన్నప్పుడు ఆ బరువు మళ్లీ పిల్ల నెత్తికే వస్తుంది.

గేటు బయట, ఆ తర్వాత

పరీక్షా కేంద్రాలు చాలావరకు శివార్లలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో పడతాయి. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. బెంజి సర్కిల్ దగ్గరో, గుంటూరు ఆటోనగర్ దగ్గరో ట్రాఫిక్‌లో ఇరుక్కుని పరుగెత్తిన పిల్లల కథలు ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నాం. ఇది అచ్చంగా తల్లిదండ్రుల పని. ముందు రోజు, అదే సమయానికి ఒకసారి కేంద్రం దాకా వెళ్లి రావాలి. వెళ్లేది నాన్న ఒక్కడే అయినా చాలు. హాల్‌టికెట్ రెండు ప్రింట్లు, ఫొటోలు, గుర్తింపు కార్డు ఒక కవర్లో పెట్టి ఆ కవరు బాధ్యత ఒకరే తీసుకోవాలి.

నీట్ మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది, ఒకటిన్నరకే గేట్లు మూసేస్తారు. మే ఎండ 40 డిగ్రీలు దాటే వేళ. పొడుగు చేతుల చొక్కా, బూట్లు పనికిరావు. చెవిపోగులు, ముక్కుపుడక, తాయెత్తు, చేతి దారాలు తనిఖీలో ఇబ్బంది పెడతాయి. గేటు దగ్గర ముక్కుపుడక రాక ఏడ్చే అమ్మాయిలూ, తాయెత్తు తెంపితే అశుభమని కంగారుపడే అమ్మమ్మలూ కనిపిస్తూనే ఉంటారు. ఇవన్నీ ముందు రాత్రే ఇంట్లో తీసేయదగ్గవి. కొత్త చెప్పులు, కొత్త టిఫిన్లు, ఎన్నడూ లేని నానబోసిన బాదంపప్పు ఆ రోజు వద్దు. రోజూ తినేదే, కొంచెం తక్కువగా.

పిల్ల లోపలికి వెళ్లాక మూడు గంటలు చేయడానికి ఏమీ ఉండదు. చలివేంద్రం మజ్జిగ, చెట్టు నీడ, పక్కన నిలబడిన తెలియని తల్లిదండ్రులు. కాలుగాలిన పిల్లిలా గేటు చుట్టూ తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అక్కడ నడిచే మాటలు కూడా భయాన్ని పెంచేవే: 'మావాడికి గ్రాండ్ టెస్టుల్లో 650 తగ్గలేదండీ', 'ఈసారి ఫిజిక్స్ చాలా టఫ్ అంటండీ'. పరీక్ష నడుస్తుండగానే పేపరు కష్టమని ఎవరికి ఎలా తెలుస్తుంది? అయినా ఆ మాట పది నిమిషాల్లో అందరి నోటా ఉంటుంది. వీలున్నవాళ్లు దించేసి దూరంగా వెళ్లిపోయి, ముగిసే వేళకు రావడం మేలు. ఎక్కడ కలవాలో ముందే అనుకుంటే చాలు.

అసలైన పరీక్ష గేటు తెరిచాకే. 'ఎట్లా రాశావ్?' అన్న ప్రశ్న నోట్లోంచి దానంతటదే వస్తుంది. దాని వెనకే 'ఎన్ని అటెంప్ట్ చేశావ్, ఎన్ని కరెక్ట్?' వస్తాయి. మూడు గంటలు బుర్ర పిండుకున్న పిల్లకు ముందు నీళ్లు, తర్వాత తిండి, తర్వాత కాసేపు మౌనం కావాలి. చెప్పాలనిపిస్తే ఆమే చెబుతుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ రోజున ఇది మరీ ముఖ్యం. ఉదయం 9 నుంచి 12 దాకా ఒక పేపరు, మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదున్నర దాకా రెండో పేపరు. మధ్యలో ఉన్న ఆ కాసేపట్లో మొదటి పేపరు గురించి జరిగే ప్రతి చర్చా రెండో పేపరుకు చేటే. తప్పయిన ప్రశ్న గురించి తెలుసుకుని అప్పుడు చేయగలిగింది శూన్యం.

సాయంత్రానికి యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో కోచింగ్ సంస్థల కీలు తిరుగుతాయి. ఒకదానికి ఒకటి పొసగదు. మెయిన్ విషయంలో ఆ లెక్కకు అర్థం మరీ తక్కువ. ర్యాంకుకు ఆధారం పర్సంటైల్. అదే షిఫ్టులో రాసినవాళ్లతో పోల్చి కట్టేది అది. ఒక షిఫ్టులో 180 మార్కులకు వచ్చిన పర్సంటైల్ మరో షిఫ్టులో 180కి రాకపోవచ్చు. రెండు విడతలూ రాస్తే మెరుగైన స్కోరే లెక్కలోకి వస్తుంది. ఈఏపీసెట్‌లోనూ షిఫ్టుల మధ్య తేడాను సరిచేసే నార్మలైజేషన్ ఉంది, పైగా ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. కాబట్టి ఆ రాత్రి వంటింట్లో కాగితం మీద వేసే కూడికలు ఎవరినీ ఎక్కడికీ చేర్చవు. తర్వాతి పరీక్షకు ఉండాల్సిన నిద్ర మాత్రం పోతుంది. అధికారిక ప్రాథమిక కీ, రెస్పాన్స్ షీట్ వచ్చాక చూసుకోవచ్చు.

బంధువుల ఫోన్ల గురించి ఒక ఒప్పందం ముందే కావాలి. ఫలితాల రోజు ఉదయం నుంచి పిన్నులు, బాబాయిలు, నాన్న ఆఫీసు వాళ్లు వరసగా చేస్తారు. ఎవరు ఎత్తాలి, ఎంతవరకు చెప్పాలి అన్నది పిల్లల్ని అడిగి నిర్ణయించుకుంటే బాగుంటుంది. ర్యాంకు పిల్లదే, ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కూ పిల్లదే.

ఆందోళన హద్దు దాటినప్పుడు గుర్తించడం అన్నిటికంటే ముఖ్యం. 2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. కార్పొరేట్ కళాశాలల్లో ఈ మరణాల మీద మన రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదనీ, నలుగురిలో అవమానించకూడదనీ అందులో ఉంది. విజిట్‌కు వెళ్లిన ఆదివారం డీన్‌ను మార్కుల గురించి అడిగే తల్లిదండ్రులు, మీ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు అని కూడా అడగాలి. అడిగేవాళ్లు పెరిగితేనే ఆ కాగితం అమలవుతుంది.

వరసగా కొన్ని రాత్రులు నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, 'నేను లేకపోతే మీకే మంచిది' లాంటి మాటలు వినపడితే దాన్ని పరీక్ష టెన్షన్ అని తోసేయకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకుండా దగ్గర కూర్చోవాలి, వైద్యుడికి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు తల్లిదండ్రులకూ పనికొస్తుంది. తమకే నిద్ర పట్టక, గుండె బరువెక్కి ఉన్నవాళ్లు చేయడానికి మొహమాటపడక్కర్లేదు.

ర్యాంకులు వచ్చాక మాత్రం పెద్దల ఆదుర్దాకు నిజంగా పని దొరుకుతుంది. అప్పటిదాకా పిల్లల వెంటపడిన శ్రద్ధ అంతా ఇక్కడ పెట్టొచ్చు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్‌కు ఈడబ్ల్యూఎస్, ఓబీసీ ధ్రువపత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి నుంచి జారీ అయినవే, కేంద్రం నమూనాలోనే ఉండాలి. రాష్ట్రంలో బీసీ అయిన కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. సచివాలయం, తహసీల్దారు కార్యాలయాల చుట్టూ తిరిగే పని ఏప్రిల్లోనే పెట్టుకుంటే జూన్‌లో పరుగులు తప్పుతాయి. ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటాలో ఏటా వేల ఇంజినీరింగ్ సీట్లు ఖాళీగా మిగులుతున్నాయి. సీటే దొరకదేమో అన్న భయం ఈఏపీసెట్ విషయంలో చాలామందికి అక్కర్లేదు. ఏ కళాశాల, ఏ బ్రాంచి అన్నదే తేల్చుకోవాలి. గత ఏడాది చివరి ర్యాంకులు చూసి, కళాశాలలకు వెళ్లి, అక్కడ చదివే పిల్లలతో మాట్లాడి జాబితా తయారుచేయడం నాన్న చేయగలడు. వెబ్ ఆప్షన్ల వరస మాత్రం చదవబోయేవాళ్లు పెట్టాలి. గడువు ముగిసేదాకా దాన్ని మార్చుకోవచ్చు కాబట్టి మొదటి రోజే కొట్లాట అనవసరం.

బైపీసీ ఇళ్లలో ఇదే వారంలో మరో ఏడాది కోచింగ్ తీసుకునే లాంగ్‌టర్మ్ మాట వస్తుంది. నీట్ ఫలితం చూసిన రాత్రే అడ్వాన్సు కట్టేయడానికి ఫోన్లు మొదలవుతాయి, త్వరపడకపోతే సీట్లు అయిపోతాయని అవతలి నుంచి తొందరపెడతారు. మరో ఏడాది హాస్టల్ అంటే ఏమిటో తెలిసింది ఆ పిల్లకే. ఆమె అన్నం సరిగ్గా తిని, రెండు మూడు రోజులు కడుపునిండా నిద్రపోయి, స్నేహితులతో మాట్లాడి వచ్చాక అడగాలి. ఈలోగా ఈఏపీసెట్ ర్యాంకుతో వ్యవసాయం, ఫార్మసీ కోర్సుల కౌన్సెలింగ్ తేదీలు చూసి పెట్టుకుంటే, ఆమె వద్దన్నా సరేనన్నా ఇంట్లో చేతిలో ఇంకో దారి ఉంటుంది.